తిట్టే హక్కు, దండం పెట్టే చోటు

నర్సమ్మ: ముప్పై రెండేళ్లు ఏఎన్ఎం పని చేశాను చెల్లీ. నా సబ్‌సెంటర్ ముందు నిలబడి "మాత్రల్లేవు, డాక్టరు రాడు, మీకు జీతాలు మాత్రం నెలనెలా పడతాయి" అని చెయ్యి తిప్పుతూ తిట్టిన మనిషిని వారం తిరక్కముందే బత్తలపల్లిలో చూశాను. మా బంధువులామెను పలకరించడానికి పోయినప్పుడు. మీ ఆర్‌డీటీ సంస్థ నడిపే ఆసుపత్రి వరండాలో పొద్దున్నుంచీ కూర్చున్నాడు, కండువా మడిచి ఒళ్లో పెట్టుకుని. నోట్లోంచి ఒక్క మాట లేదు. డాక్టరు బయటికి రాగానే లేచి రెండు చేతులూ జోడించాడు. నాకు కోపం రాలేదు, అనుమానం వచ్చింది. ఈ రెండింట్లో ఇతనిది ఏది? తిట్టినదాన్నే తనదనుకుంటున్నాడు. దండం పెట్టినచోట తను చుట్టం.

సంఘం మనిషి: చుట్టానికి కుర్చీ వేస్తారక్కా. మీ దగ్గర సొంత మనిషికి నిలబడేందుకు నీడ కూడా ఉండదు.

నర్సమ్మ: దెప్పావు, పడతాను. కానీ నా మాట పూర్తిగా విను. మనం తిట్టగలిగేది మనకు బాకీ ఉన్నవాళ్లనే. దానం చేసేవాళ్లు మనకు బాకీ లేరు. ఈ రోజు ఇస్తారు, రేపు మానుకుంటారు, అడగడానికి మనకు నోరుండదు. బడిలో మధ్యాహ్న భోజనం చూడు. 2001లో సుప్రీంకోర్టు, వండిన భోజనం పెట్టి తీరాలని రాష్ట్రాలకు చెప్పింది. ఇప్పుడు మన రాష్ట్రంలో దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆ తల్లి గోదావరి లంకల్లో వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టింది. ఆమె అరుగు మీద తిన్నవాళ్లు దండం పెట్టే లేచి ఉంటారు. మన బడిపిల్లోడు గుడ్డు తిని ఎవరికైనా దండం పెడతాడా? పప్పు నీళ్లగా ఉంటే మూతి ముడిచి, "ఈ రోజు బాలేదు" అంటాడు. ఆ మూతి విరుపు కోసమే నేను సర్కారు పక్షాన మాట్లాడతాను.

సంఘం మనిషి: మాట బాగుంది. నాదీ వినండి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా ఇల్లు ఎస్సీ కాలనీలో చివరిది, కంపచెట్ల పక్కన. అమ్మ పచ్చి బాలింత, ఒళ్లు కాలిపోతోంది. అప్పటి సర్కారు నర్సమ్మ వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. వీధిలోనే నిలబడి మంచం బయటికి తెమ్మనింది. ఎండలో మంచం వేసి అమ్మను పడుకోబెడితే అంతమంది చూస్తుండగా సూదేసింది. చేతులు కడుక్కోమని మా అవ్వ నీళ్లు పోయబోతే వద్దని, ఊళ్లోకి పోయి కడుక్కుంది. పది రోజులకు సంస్థ నుంచి ఇంకొకామె వచ్చింది. పెద్ద చదువేం కాదు, పక్కూరి మనిషే. గుడిసెలోకి వంగి వచ్చి అమ్మ పక్కన నేలమీద కూర్చునింది. కూర్చుని, "దాహమైతాంది, రవ్వన్ని నీళ్లియ్యి పాపా" అనింది. మాకున్నది సొట్టలు పడిన సత్తు గ్లాసు. అందులో ఇస్తే ఎత్తి పోసుకోలేదు, పెదాలకు ఆనించి తాగింది. మా అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. జ్వరం తగ్గింది సూదికా, నీళ్లకా అంటే సూదికే అయ్యుంటుంది. కానీ అమ్మ బతికినన్నాళ్లూ చెప్పుకున్నది ఆ గ్లాసు సంగతే.

నర్సమ్మ: ఆ సూదేసినామె నేను కాదు. కాదని తప్పించుకోను కూడా. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేనూ మీ కాలనీల్లో నీళ్లు తాగలేదు. సీసాలో పట్టుకుపోయేదాన్ని. కాచి చల్లార్చిన నీళ్లే తాగాలి కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. రెండో ఏడు ఒక ముసలామె అడిగింది, "సీసా మూత తీసేటప్పుడు అటు తిరుగుతావెందుకు తల్లీ" అని. మరుసటి రోజు నుంచి సీసా ఇంట్లో పెట్టి వచ్చాను. ఆ పాఠం నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

సంఘం మనిషి: మా దగ్గర మొదటి పాఠమే అది.

నర్సమ్మ: ఎందుకంటే మీరు ఎక్కడ పని చెయ్యాలో మీరే ఎంచుకోగలరు. మీ సంస్థ పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురం వచ్చాక దళితులు, గిరిజనులు, ఎవరికీ పట్టనివాళ్లు ఉన్నచోట మొదలుపెట్టారు. గొప్ప ఎంపిక, కాదనను. కానీ ఎంపిక ఎంపికే. నాకు అది లేదు. లెక్క ప్రకారం సబ్‌సెంటర్‌కు 5,000 మంది. రెడ్డి ఇల్లూ నాదే, బోయ ఇల్లూ నాదే, నన్ను చూసి తలుపేసుకునే ఇల్లూ నాదే. టీకా వేయించనని మొండికేసిన ఇంటికి ఏడుసార్లు పోయాను. ఏ ఒక్క ఇల్లు వదిలినా రిజిస్టర్‌లో ఆ గడి ఖాళీగా ఉండి నన్ను చూస్తుంది. ఏ సంస్థయినా ఒక రోడ్డుకు ఇవతలి ఊరు తీసుకుని అవతలి ఊరు తీసుకోకపోతే తప్పు పట్టేవాళ్లుండరు. నేను అట్లా చేస్తే మెమో వస్తుంది.

సంఘం మనిషి: మెమో రాకపోయినా పోతామక్కా మేము. అదీ తేడా. ఇంకో మాట అడుగుతాను, నొచ్చుకోవద్దు. మీరు మా ఊరికి ఎక్కువసార్లు వచ్చింది దేనికి? కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు. ఇద్దరు పిల్లలయ్యారని తెలిస్తే చాలు, జీపు వీధిలో ఆగేది. నాకు రక్తం లేక కళ్లు తెల్లగా పాలిపోయి ఉంటే దాని గురించి అడిగినవాళ్లు లేరు. ఎన్ని కేసులైనాయని పైనుంచి అడిగితే చెప్పుకోవాలి కదా.

నర్సమ్మ: నొచ్చుకోను. 1996లో టార్గెట్లు ఎత్తేశామన్నారు. కాగితం మీద ఎత్తేశారు, నెలవారీ మీటింగులో మాత్రం ఎవరు ఎన్ని కేసులు చేశారని అడుగుతూనే ఉండేవాళ్లు. మనిషిని మనిషిగా చూడనివ్వని ఉద్యోగం కొన్నేళ్లు చేశాను. ఒప్పుకుంటున్నాను. కానీ ఆ టార్గెట్లు ఎత్తేయించింది కూడా ఎవరో సర్కారును తిట్టినవాళ్లే కదా! ఆడవాళ్ల సంఘాలు, డాక్టర్లు, పేపర్లవాళ్లు. దానధర్మంలో తప్పు జరిగితే ఎవరిని తిట్టి సరిచేయిస్తావు?

సంఘం మనిషి: అదేం తప్పో చెప్పండి మరి. గాల్లో అంటే ఎట్లా?

నర్సమ్మ: నీ కూతురి ఉత్తరం. అదే, సంస్థకు డబ్బు పంపే స్పెయిన్ దాతకు రాసేది. ఫోటో తీస్తారు, పిల్ల బొమ్మ గీస్తుంది, గుడిసె, కొబ్బరిచెట్టు, పక్కన సూర్యుడు. మీ కాలనీలో కొబ్బరిచెట్టు ఎక్కడుందో నాకైతే తెలీదు, అన్ని బొమ్మల్లోనూ ఉంటుంది. కింద ఎవరో తర్జుమా చేసి పంపుతారు. ఎక్కడో ఒక సొరుగులో నీ బిడ్డ ఫోటో ఉంటుంది, ఆమె పేదరికానికి రుజువుగా. నా కొడుకూ సర్కారు స్కాలర్‌షిప్‌తోనే చదివాడు. వాడు ఎవరికీ ఉత్తరం రాయలేదు.

సంఘం మనిషి: (నవ్వు) కొబ్బరిచెట్టు నిజమే. పిల్లలు పక్కపిల్లల బొమ్మ చూసి గీస్తారు. కానీ ఉత్తరం రెండువైపులా పోతుందక్కా. మా ఇంటికి మొట్టమొదట వచ్చిన పోస్టు అదే. అంతకుముందు పోస్ట్‌మ్యాన్ మా వీధిలో సైకిలు దిగేవాడే కాదు. కవరు మీద నా బిడ్డ పేరు, తొమ్మిదేళ్ల పిల్ల పేరు, టైపు అక్షరాల్లో. లోపల ఒక ముసలామె, పక్కన కుక్కతో దిగిన ఫోటో. ఆ కుక్క పేరు నా కూతురు ఇప్పటికీ చెబుతుంది. మీ స్కాలర్‌షిప్ మీ అబ్బాయి పేరు అడిగిందా? హాల్‌టికెట్ నంబరు అడిగి ఉంటుంది.

నర్సమ్మ: పేరు అడగనందుకే నాకది నచ్చుతుంది. ఎవరికీ రుణపడకుండా పెరిగాడు.

సంఘం మనిషి: ఎవరికీ ఏమీ కాకుండా కూడా పెరిగుండచ్చు.

నర్సమ్మ: ఆ మాట కొంచెం ఎక్కువైంది చెల్లీ.

సంఘం మనిషి: ఎక్కువే. వెనక్కి తీసుకుంటాను. అబ్బాయి మంచోడు. నేననేది ఒకటే. రుణం లేకపోవడం, చుట్టరికం లేకపోవడం ఒకటేనని మీరనుకుంటున్నారు. పల్లెలో ఎవరికీ ఏమీ బాకీ లేని మనిషి ఎట్లుంటాడో తెలుసా? చనిపోతే మోయడానికి నలుగురుండరు.

నర్సమ్మ: ఆ చుట్టరికం ఎంత గట్టిదో 2025లో చూశాం కదా. మీ సంస్థకు విదేశీ విరాళాల అనుమతి రెన్యువల్ కాలేదని తెలియగానే రెండు జిల్లాల ప్రాణం చేతుల్లోకి వచ్చింది. ఢిల్లీలో ఒక ఫైలు కదలకపోతే ఇక్కడ ఆసుపత్రి ఏమవుతుంది, బడి ఏమవుతుంది, సగం లేచిన ఇంటి గోడలేమవుతాయి అని జనం కుమిలిపోయారు. నిన్ను తప్పుపట్టను, నేనూ ఆ రోజుల్లో సరిగ్గా నిద్రపోలేదు. కానీ ఆలోచించు. యాభై ఏళ్లు కట్టుకున్న ఇంటి దూలం ఇంకెవరి చేతిలోనో ఉందని ఆ రోజు తెలిసింది.

సంఘం మనిషి: ఆ ఫైలు ఆపింది ఎవరక్కా? మీరు చెప్పే సర్కారే. దూలం లాగబోయినవాళ్లే "చూశావా, దూలం గట్టిగా లేదు" అంటే ఎట్లా?

నర్సమ్మ: విదేశీ డబ్బు లెక్క అడగడం సర్కారు పని. అడగొద్దనలేం.

సంఘం మనిషి: అడగనీ. కానీ జనం రోడ్డెక్కింది చూశారు కదా. కర్రలు పట్టుకున్న ముసలోళ్లు, మూడు చక్రాల బండ్ల మీద వికలాంగులు, శెనక్కాయ పని ఇడిచిపెట్టొచ్చిన ఆడోళ్లు. కూలి ఇచ్చి తెచ్చిన జనం కాదు, బిర్యానీ పొట్లం లేదు. నేనొకటి అడుగుతాను, గుండె మీద చెయ్యేసి చెప్పండి. రేపు మీ పీహెచ్‌సీ మూసేస్తామంటే ఇంతమంది వస్తారా?

నర్సమ్మ: రారు.

సంఘం మనిషి: ఎందుకు రారు?

నర్సమ్మ: మూసెయ్యరని తెలుసు కాబట్టి రారు. సర్కారు మూసెయ్యలేదు. అదే నేను చెప్పే హక్కు.

సంఘం మనిషి: మూసెయ్యరు. తాళం తియ్యరు, అంతే.

నర్సమ్మ: ఊఁ. దానికి నా దగ్గర జవాబు ఉంది, అది నీకు నచ్చదు. తాళం తియ్యకపోయినా ఎవరూ రోడ్డెక్కరెందుకు? బత్తలపల్లి ఉంది కాబట్టి. ధర్మాసుపత్రి ఎంత బాగా నడిస్తే సర్కారుకు అంత నిశ్చింత. సత్యసాయి నీళ్ల పథకం గుర్తుందా? తొంభైల్లో. ఫ్లోరైడు నీళ్లు తాగి పిల్లల పళ్లు గారపట్టి, నడుములు వంగి ఉన్న జిల్లా మనది. ఏడు వందలకు పైగా ఊళ్లకు వాళ్లు పైపులేశారు. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లవుతున్నా సర్కారు వెయ్యని పైపులు. అది చూసి సర్కారు సిగ్గుపడాలి. పడిందా? వేదిక మీదికొచ్చి చప్పట్లు కొట్టింది. పుట్టపర్తిలో 1991 నుంచీ బిల్లు కౌంటరే లేని పెద్దాసుపత్రి ఉంది. గుండె ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను నేనే పంపాను ఇద్దరిని. ఇంత మంచి ఉన్న జిల్లాలో, నా సబ్‌సెంటర్ బాత్‌రూమ్‌కు తలుపు పెట్టించడానికి నాలుగేళ్లు పట్టింది. ఇంత మంచి ఉండటం వల్లనే పట్టిందేమో అని నా అనుమానం.

సంఘం మనిషి: తల్లి వండిపెట్టడం వల్లనే మొగుడు సోమరి అయ్యాడు, కాబట్టి తల్లి వండడం మానాలి అన్నట్టుందక్కా. ఆ మధ్యలో పిల్లలు పస్తుంటారు. ఫ్లోరైడు నీళ్లు ఇంకో పదేళ్లు తాగి సర్కారును సిగ్గుపరచాల్నా?

నర్సమ్మ: అనలేను. ఆ పిల్లల పళ్లు చూసినదాన్ని, అనలేను.

సంఘం మనిషి: ఇంకొకటుంది. సర్కారు నేర్చుకునేది కూడా మా మాదిరి వాళ్లను చూసే. ఆశా పని యాడ నుంచి వచ్చింది? 1970లోనే మహారాష్ట్ర జామ్‌ఖేడ్‌లో ఆరోలే దంపతులు మొదలుపెట్టారు. తర్వాత్తర్వాత చదువు రాని ఆడోళ్లకు, దళిత ఆడోళ్లకు కాన్పులు, బిడ్డ బరువు, విరేచనాలకు ఉప్పు చక్కెర నీళ్లు, అన్నీ నేర్పించారు. గడ్చిరోలీలో బంగ్ దంపతులు పుట్టిన బిడ్డను ఇంట్లోనే కాపాడొచ్చని చేసి చూపించారు. 2005లో సర్కారు ఆశా అని పేరు పెట్టి దేశమంతా తెచ్చింది. ముందు ఒకరు ప్రేమతో చేసి చూపిస్తేనే కదా, తర్వాత జీవో వచ్చింది?

నర్సమ్మ: వచ్చింది కదా! జామ్‌ఖేడ్ జామ్‌ఖేడ్‌లోనే ఉంటే మన మడకశిరలో పుట్టిన బిడ్డకు ఏం లాభం? దేశమంతటికీ తేవాలంటే జీవో కావాలి, బడ్జెట్ కావాలి. అదే నా మాట.

సంఘం మనిషి: దేశమంతటికీ తెచ్చి ఆశాకు ఏమిచ్చింది? ఆమె ఉద్యోగి కాదంట, వాలంటీరంట. జీతం కాదు, గౌరవ వేతనం. అర్ధరాత్రి పురిటి నొప్పులొచ్చినామెను పట్టుకుని బండి ఎక్కేది ఆమె. మీ సర్కారు కూడా దానం మీదే నడుస్తోందక్కా. ఆ దానం చేసేది స్పెయిన్ ముసలామె కాదు, మా వీధి ఆశా.

నర్సమ్మ: ... దీనికి నేను ఎదురు చెప్పను. నా కింద ఆరుగురు ఆశాలు చేశారు. అందులో ఒకామె ధర్నాకు పోయిన రోజు ఎందుకు రాలేదని నేనే అడిగాను. అడగాల్సింది కాదు.

సంఘం మనిషి: నేనూ ఒకటి ఒప్పుకుంటాను. మా ఊళ్లో హెచ్‌ఐవీ వచ్చినవాళ్లు ముగ్గురున్నారు. బెంగళూరుకు పనికి పోయి వచ్చినోళ్లు. అప్పట్లో వాళ్లకు ఇంట్లో కూడా గ్లాసు వేరు, చాప వేరు. బత్తలపల్లిలో మంచమిచ్చారు, ముట్టుకున్నారు, పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టారు. అందుకే బతికారని నేను అందరికీ చెబుతూ వచ్చాను. మొన్న వాళ్లలో ఒకాయనే నన్ను ఆపాడు. "అక్కా, అన్నం పెట్టినందుకు సచ్చేదాకా రుణపడతాను. బతికింది మాత్రం మాత్రలతో. ఆ మాత్రలు సర్కారువి" అన్నాడు.

నర్సమ్మ: 2004 నుంచి ఉచితంగా ఇస్తున్నారు ఆ మందులు. ఏ సంస్థా అంత కాలం, అంతమందికి కొనలేదు.

సంఘం మనిషి: కొనలేదు. కానీ మాత్రలు తీసుకోడానికి సెంటర్ దాకా పోయే ధైర్యం ఆ చాప పక్కన కూర్చున్నామె ఇచ్చింది. మాత్రలుండీ పోనివాళ్లు ఎంతమంది పోయారో మీకు తెలుసు.

నర్సమ్మ: తెలుసు. ఆ పేర్లూ తెలుసు. చూడు, నాకు నచ్చే పద్ధతి ఇంకోటుంది. అది మీదీ కాదు, మాదీ కాదు. కేరళలో. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో కొందరు డాక్టర్లు నయంకాని జబ్బులవాళ్ల నొప్పి తగ్గించడానికి చిన్న క్లినిక్ పెట్టారు. 1999కి అది మలప్పురం వైపు ఊళ్లల్లోకి పాకింది. ఎట్లాగంటే, డాక్టరు ఇంటికి రావడం కాదు, ఇరుగుపొరుగువాళ్లే ట్రైనింగ్ తీసుకుని వారానికి ఒకసారి మంచంపట్టినవాళ్ల ఇళ్లకు పోతారు. పుండు కడుగుతారు, కబుర్లు చెబుతారు, ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో డబ్బా మూత తీసి చూస్తారు. డబ్బు చాలావరకు అక్కడి జనందే, చిల్లర చిల్లరగా. 2008లో ఆ రాష్ట్రం దాన్ని పాలసీగా తీసుకుంది, పంచాయతీలు ఇప్పుడు నర్సులను పెట్టుకుంటున్నాయి. అక్కడ ఎవరు ఎవరికి దండం పెట్టాలి? ఇచ్చేవాడు పక్కింటివాడే. రేపు వాడు మంచంపడితే వీడే పోవాలి.

సంఘం మనిషి: బాగుంది. మన దగ్గర పక్కింటోడు ఎవరు? కేరళ సంగతి నాకు తెలీదు. మన ఊళ్లో పక్కిల్లంటే పక్క కులం కాదు కదా, అదే కులం. రెడ్డి వీధి ముసలాయన పుండు కడగడానికి మా కాలనీ నుంచి పోతే రానిస్తారు, అది ఎప్పుడూ రానిచ్చారు, చాకిరికి. ఆ వీధి నుంచి మా ఇంటికి వస్తారా? ఇరుగుపొరుగు అనే మాట మీకు చల్లగా వినపడుతుంది. మాకు అది భయం. అందుకే పరాయోడు వచ్చి, ఎక్కడో ఏడు సముద్రాల అవతలోడు వచ్చి, ఇల్లు కట్టించి, పట్టా ఆడదాని పేరున రాయించి, ముందు మమ్మల్ని మాకు మనుషులుగా చూపించాల్సి వచ్చింది. పరాయోడు కాబట్టే అది కుదిరింది.

నర్సమ్మ: పరాయోడు కాబట్టే ఫెర్రర్ గారిని 1968లో మహారాష్ట్ర మన్మాడ్ నుంచి పంపేశారు కూడా. అక్కడి రైతులు బొంబాయి దాకా నడిచినా పంపేశారు. ఒక్క మనిషి మీద ఆధారపడితే అదే గతి.

సంఘం మనిషి: 2009లో ఆయన పోయారు. బత్తలపల్లిలోనే మట్టి చేశాం. పోయి ఇన్నేళ్లయినా ఆసుపత్రి నడుస్తూనే ఉంది కదా. ఒక్క మనిషి మీద నిలబడిందైతే ఆ రోజే పడిపోయేది. మా ఇళ్లల్లో హుండీలు కూడా ఉన్నాయి, మీకు తెలుసు. మట్టి పని చేసొచ్చినరోజు ఐదో పదో వేస్తాం. స్పెయిన్ డబ్బే కాదు, మాదీ ఉండాలని పెట్టుకున్నాం.

నర్సమ్మ: ఆ హుండీ సంగతే అడుగుదామనుకుంటున్నా. నువ్వెంత వేశావు?

సంఘం మనిషి: లెక్క పెట్టలేదు. రెండుసార్లు నింపి ఇచ్చాను. పుస్తకంలో నా పేరే రాయించాను, మా ఆయన పేరు కాదు.

నర్సమ్మ: నీ డబ్బు, నీ పేరు. ఆ డబ్బు ఎక్కడికి పోయింది, దేనికి వాడారు అని ఒక్కసారైనా అడిగావా?

సంఘం మనిషి: అడగలేదు.

నర్సమ్మ: ఎందుకు?

సంఘం మనిషి: అడగాలని తోచలేదక్కా. నమ్మకం. ... సరే, అడగడానికి నోరు రాలేదనుకోండి. మీరు చెప్పండి. ముప్పై రెండేళ్లలో, డాక్టరు రాని రోజున, మీ నోటితో మీరు ఆయన్ని ఎందుకు రాలేదని అడిగారా?

నర్సమ్మ: లేదు. రిజిస్టర్‌లో వచ్చారనే రాశాను.